అమ్మానాన్నలకి కెనడా పీఆర్: నా అనుభవం

అమ్మానాన్నల్ని కెనడాకి పీఆర్ (శాశ్వత నివాసం) మీద తెచ్చుకోవాలనుకునేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది ఆదాయం గురించే. జీతం ఎంతుండాలి, మధ్యలో ఉద్యోగం మారితే ఏమవుతుంది, ఇంటి లోను ఉంటే ఇబ్బందా అని. అవన్నీ ముఖ్యమే, చెప్తాను. కానీ మా కేసులో ఎక్కువ టెన్షన్ పెట్టింది డబ్బు కాదు, మా అమ్మ పేరు. ఒక్క ఊళ్ళోనే జీవితమంతా గడిపిన మనిషి ఆవిడ. ఫలానా వాళ్ళమ్మాయి, ఫలానా మాస్టారి భార్య అంటే సరిపోయేది, నువ్వెవరో కాగితం చూపించు అని ఎవరూ అడగలేదు. అలాంటి మనిషిని కాగితాల్లో ఒకే మనిషిగా నిలబెట్టడమే ఈ ప్రాసెస్‌లో అసలు పని అని నాకు అనిపించింది, అందుకే లాటరీ డ్రాలో పేరొచ్చాక చూద్దాంలే అని ఆగొద్దని అందరికీ చెప్తుంటాను.

మేం ఒంటారియోలో, మిస్సిసాగాలో ఉంటాం. నేను, మా ఆయన, పాప. మా నాన్న నరసరావుపేట దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు, అమ్మ ఇల్లు చూసుకునేది, కొంచెం పొలం ఉంది, కౌలుకిచ్చారు. చెల్లి పెళ్ళయి హైదరాబాద్‌లో ఉంటుంది. ఈ కథలో ఇండియా వైపు పనంతా చెల్లే చేసింది, అది ముందే చెప్పాలి. అక్కడ తిరిగే మనిషి ఒకరు లేకపోతే ఇది చాలా కష్టం.

ముందు ఈ డ్రా సంగతి. తల్లిదండ్రుల్ని, తాతయ్య నానమ్మల్ని స్పాన్సర్ చేసే ఈ ప్రోగ్రామ్‌లో ఎప్పుడుపడితే అప్పుడు అప్లై చెయ్యడానికి లేదు. 2019లో ముందొచ్చినవాళ్ళకి ముందు అన్నారు, జనవరి 28న ఫారం తెరిస్తే పదకొండు నిమిషాల్లో అయిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం ఆఫీసులో లంచ్ మానేసి కూర్చున్నాను, పేజీ తెరుచుకుని నేను వివరాలు నింపేలోపే మూసేశారు. టైపింగ్ వేగంగా వచ్చినవాళ్ళ అమ్మానాన్నలు రావచ్చు, మిగతావాళ్ళు ఆగాలి అన్నట్టుంది ఆ పద్ధతి, చాలామంది అప్పుడు బాధపడ్డారు, కోర్టులకి కూడా వెళ్ళారు. 2020లో పద్ధతి మార్చి, అక్టోబర్ 13 నుంచి నవంబర్ 3 దాకా ఆసక్తి ఉన్నవాళ్ళందరూ ఫారం నింపండి, లాటరీ తీస్తాం అన్నారు. రెండు లక్షలకి పైగా ఫారాలు పడ్డాయి. అప్పటినుంచి అప్లై చెయ్యమనే ఇన్విటేషన్లన్నీ ఆ 2020 జాబితాలోంచే ఇస్తూ వచ్చారు, 2025 జూలైలో పంపిన 17,860 కూడా అందులోంచే. అంటే 2020 చివర్లో ఇక్కడ పీఆర్ లేనివాళ్ళకి, ఆ తర్వాత వచ్చినవాళ్ళకి అసలు పేరు రాయించుకునే అవకాశమే రాలేదు. మా పక్క వీధిలో 2021లో వచ్చిన కుటుంబం ఉంది, ఆ అమ్మాయి ఒక్కతే కూతురు, వాళ్ళమ్మ అక్కడ ఒంటరిగా ఉంటుంది. ఆమెకి ఏం చెప్పాలో నాకు తెలియదు. ఇది న్యాయం కాదు అని మాత్రం గట్టిగా అనిపిస్తుంది.

2020లో మేం ఇద్దరం విడివిడిగా ఫారాలు నింపాం. నేను మా అమ్మానాన్నల కోసం, మా ఆయన అత్తయ్యగారు, మామయ్యగారి కోసం. 2024 మేలో నాకు ఇన్విటేషన్ వచ్చింది, ఆయనకి రాలేదు. ఆ మెయిల్ చూసిన రాత్రి ఇంట్లో సంతోషం ఎంతో, మౌనం కూడా అంతే. అత్తయ్యగారికి ఫోన్ చేసి నేనే చెప్పాను, ఇంకొకరి నోటి నుంచి వినకూడదని. "మంచిదేగదమ్మా, ఎవరో ఒకరు పాప దగ్గరుంటారు" అన్నారు. ఆ మాట వెనకాల ఎంత ఉందో నాకు తెలుసు. లాటరీ అన్నది గవర్నమెంటుకి అంకెల లెక్క కావచ్చు, మన ఇళ్ళల్లో అది వియ్యాలవారి మధ్యకి వస్తుంది, అన్నదమ్ముల మధ్యకి వస్తుంది, దాన్ని దాచకుండా ముందే మాట్లాడుకోవడం మంచిది.

పైగా ఇందులో ఒక చిక్కుంది. స్పాన్సర్‌తో పాటు కో-సైనర్‌గా సంతకం పెట్టగలిగేది భార్య లేదా భర్త, లేదా చట్టప్రకారం కలిసుంటున్న పార్ట్‌నర్ మాత్రమే. అన్నయ్య ఆదాయం, చెల్లి ఆదాయం కలపడానికి లేదు. మా ఆయన సంతకం పెట్టారంటే మా అమ్మానాన్నల బాధ్యత ఆయన మీద కూడా ఇరవై ఏళ్ళు ఉన్నట్టే. వాళ్ళు సోషల్ అసిస్టెన్స్ (ప్రభుత్వమిచ్చే ఆర్థిక సాయం) తీసుకుంటే మేం తిరిగి కట్టాలి. ఉద్యోగం పోయినా, విడాకులైనా ఆ మాట రద్దు కాదు. క్యూబెక్‌లో ఈ గడువు పదేళ్ళే, అక్కడి పద్ధతి వేరు. ఇంకో విషయం, రేపు ఆయన వాళ్ళ అమ్మానాన్నల్ని స్పాన్సర్ చెయ్యాలంటే కుటుంబం లెక్కలోకి మా అమ్మానాన్నలు కూడా వస్తారు, అంటే ఏడుగురికి సరిపడా ఆదాయం చూపించాలి. ఇది తెలిసే ఆయన సంతకం పెట్టారు. ఆ రోజు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఆదాయం లెక్క ఇలా ఉంటుంది. అప్లై చేసే ఏడాదికి ముందు మూడు పన్ను సంవత్సరాలు చూస్తారు, మూడింటిలోనూ ప్రతి ఏడాదీ కనీస మొత్తం దాటాలి, సగటు తీయరు. మాకు 2023, 2022, 2021. మేం ముగ్గురం, అమ్మానాన్నలు ఇద్దరు, మొత్తం ఐదుగురు. 2023కి ఐదుగురి కుటుంబానికి 75,384 డాలర్లు ఉండాలి. మామూలుగా తక్కువ ఆదాయ పరిమితి మీద 30 శాతం కలిపి ఈ అంకె వేస్తారు, కొవిడ్ వల్ల 2020, 2021లకి ఆ 30 శాతం తీసేశారు. మాకది కలిసొచ్చింది, ఎందుకంటే పాప పుట్టింది 2021లోనే, ఆ ఏడాది చాలా నెలలు నేను ఇంట్లోనే ఉన్నాను. మెటర్నిటీ, పేరెంటల్ లీవులో వచ్చే ఈఐ (ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్స్) డబ్బు ఆదాయంలోకి వస్తుంది, ఉద్యోగం పోయినప్పుడు వచ్చే మామూలు ఈఐ మాత్రం సాధారణంగా రాదు, తీసేస్తారు. ఈ తేడా చాలామందికి తెలియక ముందే ఆశ వదిలేసుకుంటారు. చూసేది పన్ను శాఖ పంపే నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్‌లో 15000 లైను, అంటే మొత్తం ఆదాయం. సొంత వ్యాపారం ఉన్నవాళ్ళు ఖర్చులు ఎక్కువ చూపించి పన్ను తగ్గించుకుంటే ఆ లైను కూడా తగ్గుతుంది, కాబట్టి అమ్మానాన్నల్ని తెచ్చుకునే ఆలోచన ఉంటే ఆ మూడేళ్ళు పన్ను ఫైల్ చేసేటప్పుడే అది గుర్తుంచుకోవాలి. అప్లికేషన్ వేశాక కూడా నిర్ణయం వచ్చేదాకా ఆదాయం నిలబడాలి. మా ఆయనకి ఆ మధ్య మంచి స్టార్టప్‌లో అవకాశం వస్తే వదులుకున్నారు.

ఇక కాగితాలు. ఇన్విటేషన్ వచ్చిన రోజు నుంచి అరవై రోజుల్లో మొత్తం అప్లికేషన్ పెట్టాలి. అరవై రోజులు అంటే చాలా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, మన దగ్గర ఒక పేరు దిద్దించడానికే ఎంత పడుతుందో అందరికీ తెలిసిందే. నాకు తెలిసిన ఒకావిడకి 2022 డ్రాలో పేరొచ్చింది, అమ్మానాన్నలకి పెళ్ళి సర్టిఫికెట్ లేదు, ఆవిడ ఆ రెండు నెలలూ ఏడ్చినంత పనైంది. ఆవిడ చెప్పబట్టే మేం డ్రాలో పేరు రాకముందే మొదలుపెట్టాం.

మొదలుపెడితే అమ్మ కాగితాలు ఒక్కొక్కటీ ఒక్కో మాట చెప్పాయి. పాస్‌పోర్టులో మా ఇంటిపేరు, ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు. రేషన్ కార్డులో పేరు చివర "అమ్మ" ఉంది, బ్యాంకు పుస్తకంలో లేదు. అన్నిటికంటే పెద్ద చిక్కు నా బర్త్ సర్టిఫికెట్. నేను ఆవిడ కూతుర్నని చూపించాల్సిన కాగితం అదే. గుంటూరులో నర్సింగ్ హోమ్‌లో పుట్టాను, అక్కడెవరో అడిగితే మా అమ్మమ్మ అమ్మని ఇంట్లో పిలిచే పేరు చెప్పింది, మున్సిపాలిటీ రికార్డులో అదే పడింది. నా టెన్త్ సర్టిఫికెట్‌లో నాన్న పేరే ఉంది, అమ్మ పేరు లేదు. అంటే నలభై ఏళ్ళుగా నాకు అన్నం పెట్టిన అమ్మకి, నాకు ఉన్న సంబంధం చూపించే సరైన ప్రభుత్వ కాగితం ఒక్కటీ లేదు.

చెల్లి ఒక్కోటీ సరిచేసుకుంటూ వచ్చింది. ముందు పాస్‌పోర్టులో ఎలా ఉందో అదే అసలు పేరు అని ఖాయం చేసుకున్నాం, ఎందుకంటే కెనడా వాళ్ళు చూసేది పాస్‌పోర్టే, మిగతావన్నీ దానికి తగ్గట్టు మారాలి. ఆధార్ దిద్దించింది. తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకుంది, అందులో నాన్న, అమ్మ, నేను, చెల్లి వరసగా ఉంటాం. బర్త్ సర్టిఫికెట్‌లో ఉన్న పేరు, పాస్‌పోర్టులో ఉన్న పేరు ఒకే మనిషివని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించింది. అమ్మ ఐదో తరగతి చదివిన బడి నుంచి టీసీ కూడా దొరికింది, ఆ రిజిస్టర్ అట్టలు ఊడిపోయి ఉంది, హెడ్మాస్టరుగారు నాన్నకి తెలిసినాయన కాబట్టి ఓపిగ్గా వెతికించారు. అది తెలుగులో ఉంది. ఇంగ్లీషులో గానీ ఫ్రెంచిలో గానీ లేని కాగితానికి అనువాదం కావాలి, అనువదించినవాళ్ళు సర్టిఫైడ్ ట్రాన్స్‌లేటర్ కాకపోతే వాళ్ళ అఫిడవిట్ కూడా కావాలి, ఇంట్లోవాళ్ళు అనువదించకూడదు, మనకెంత బాగా వచ్చినా సరే. ఇవన్నీ పెట్టాక ఒక పేజీ ఉత్తరం రాశాను, ఏ కాగితంలో ఏ పేరు ఉంది, ఎందుకలా ఉంది, దాన్ని ఏ కాగితం నిరూపిస్తుంది అని. దాచకుండా, సాగదీయకుండా రాయండి. ఆఫీసర్ మన ఊరిని ఎప్పుడూ చూసుండరు, మన ఇంటిపేర్ల పద్ధతి తెలియకపోవచ్చు, మనం చెప్తేనే తెలుస్తుంది. సంబంధం మీద నమ్మకం కుదరకపోతే చివరికి డీఎన్ఏ పరీక్ష దాకా వెళ్ళే కేసులు ఉంటాయి, మాకు ఆ అవసరం రాలేదు.

పెళ్ళి సర్టిఫికెట్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అమ్మానాన్నల పెళ్ళి 1977లో, అమ్మ వాళ్ళ ఇంటి ముందు పందిట్లో జరిగింది. రిజిస్ట్రేషన్ అన్న మాటే అప్పుడు ఊళ్ళల్లో లేదు. ఇప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో హిందూ వివాహ చట్టం కింద చేయించుకోవచ్చు, కానీ పెళ్ళి జరిగిందనడానికి ఏదో ఒకటి చూపించాలి, సాక్షులు రావాలి. చెల్లి "ఏమైనా ఉందా అమ్మా?" అంటే, అమ్మ లోపలికెళ్ళి ఇనప్పెట్టె తీసింది. నేను వీడియో కాల్‌లో చూస్తున్నాను. పైన పట్టుచీర, కింద నా చిన్నప్పటి వెండి మొలతాడు, దాని కింద పాత పంచాంగం, ఆ పంచాంగం మధ్యలో శుభలేఖ. నాలుగు మూలలా పసుపు రాసిన మరకలు అలాగే ఉన్నాయి, పింగళ నామ సంవత్సరం, వైశాఖ మాసం అని పెద్దక్షరాల్లో ఉంది, పక్కన చిన్నగా ఇంగ్లీషు తేదీ కూడా ఉంది. ఆ తేదీయే మమ్మల్ని కాపాడింది. మడత దగ్గర చిరిగిపోతుంటే చెల్లి అప్పటికప్పుడు ఫోటోలు తీసి జాగ్రత్త చేసింది. సాక్షులుగా మా మేనమామ, నాన్న వరసకి బాబాయి ఒకాయన వచ్చారు. ఇద్దరూ ఆ పెళ్ళిలో పందిరి వేసినవాళ్ళే, ఇప్పుడు ఒకాయన చేతికర్ర పట్టుకుని ఆఫీసు మెట్లెక్కారు. అమ్మ, నాన్న పక్కపక్కన నిలబడి ఫోటో దిగారు. వాళ్ళకి అంతకుముందు కలిసి దిగిన ఫోటో ఉన్నది ఒక్కటే, పెళ్ళిది, అందులో అమ్మ తలొంచుకుని ఉంటుంది.

ఫారాల దగ్గరకొస్తే, ఎక్కువ టైం తీసుకునేది ఐఎంఎం 5669. గత పదేళ్ళలో ఏ నెల ఎక్కడున్నారు, ఏం చేశారు అని ఒక్క నెల కూడా ఖాళీ లేకుండా నింపాలి. రిటైరైతే రిటైర్డ్ అని, ఇంట్లో ఉంటే ఇంట్లో ఉన్నారని రాయాలి, వదిలేయకూడదు. ప్రభుత్వ ఉద్యోగం చేసినవాళ్ళకి ఇంకో భాగం ఉంటుంది, చేసిన పోస్టులన్నీ రాయాలి. నాన్న పల్నాడు అంతా తిరిగి పనిచేశారు, ట్రాన్స్‌ఫర్లు చాలానే అయ్యాయి. ఆయన తన సర్వీస్ రిజిస్టర్ నకలు దాచుకున్నారు, ఫోన్లో ఒక్కో తేదీ చదువుతుంటే నేను ఇక్కడ టైప్ చేశాను. మధ్యలో ఆగి, "ఈ ఊళ్ళో నువ్వు మూడో తరగతి, గుర్తుందా?" అనేవారు. ఇంకోటి, ఐఎంఎం 5406లో పిల్లలందరి పేర్లు రాయాలి, పెళ్ళయినా సరే, కెనడా రాకపోయినా సరే. చెల్లి ఎటూ రావట్లేదు కదా అని వదిలేయకూడదు. డిపెండెంట్‌గా తీసుకురాగలిగేది 22 ఏళ్ళలోపు, పెళ్ళి కాని పిల్లల్ని, కొన్ని మినహాయింపులు తప్ప. కుటుంబ సభ్యుల్ని చెప్పకుండా దాస్తే తర్వాత వాళ్ళని ఎప్పటికీ స్పాన్సర్ చెయ్యలేని పరిస్థితి రావచ్చు.

ఫీజులు మేం కట్టినప్పుడు నాన్న పేరు మీద 1,205 డాలర్లు, అందులో స్పాన్సర్‌షిప్ 85, ప్రాసెసింగ్ 545, పీఆర్ హక్కు ఫీజు 575. అమ్మకి 1,210. బయోమెట్రిక్స్ ఇద్దరికీ కలిపి 170. హైదరాబాద్‌లో వేలిముద్రలు ఇవ్వడానికి వెళ్తే అమ్మ వేళ్ళు మెషీన్ పట్టుకోలేదు. ఏళ్ళ తరబడి అంట్లు తోమిన, పిండి రుబ్బిన చేతులవి, గీతలు అరిగిపోయాయి. అక్కడి అమ్మాయి తడిగుడ్డతో తుడిచి, ఒక్కో వేలూ నొక్కి పట్టి, చాలాసేపు ఓపిగ్గా తీసింది.

పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవా ద్వారా తేలిగ్గానే వచ్చింది, పాస్‌పోర్టులో అడ్రసు, ఇప్పుడుంటున్న అడ్రసు ఒకటే కావడం వల్ల. వేరే దేశంలో ఆర్నెల్లు దాటి ఉన్నవాళ్ళయితే ఆ దేశం నుంచి కూడా తెచ్చుకోవాల్సి రావచ్చు.

మెడికల్ మాత్రం మమ్మల్ని బాగా భయపెట్టింది. కెనడా వాళ్ళ జాబితాలో ఉన్న డాక్టర్ల దగ్గరే చేయించాలి, మన సొంత డాక్టర్ రిపోర్టు చెల్లదు. అమ్మకి షుగరు, బీపీ. భార్యనో భర్తనో, పిల్లల్నో స్పాన్సర్ చేస్తే వైద్య ఖర్చు విషయంలో ఉన్న మినహాయింపు తల్లిదండ్రులకి లేదు. వాళ్ళ ఆరోగ్యం వల్ల ప్రభుత్వం మీద పడే ఖర్చు ఒక పరిమితి దాటుతుందనుకుంటే తిరస్కరించవచ్చు. 2024లో ఆ పరిమితి ఏడాదికి 26,220 డాలర్లు. మాత్రలతో అదుపులో ఉన్న షుగరు, బీపీలకి అంత ఖర్చు రాదు, అయినా ఆ అంకె చదివినప్పటి నుంచి రిజల్ట్ వచ్చేదాకా మనసు మనసులో లేదు. డయాలిసిస్ లాంటివి ఉన్నవాళ్ళు మాత్రం ముందే ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడటం మంచిదని నా అభిప్రాయం.

అమ్మ గురించి భయపడుతుంటే ఆగింది నాన్న దగ్గర. ఛాతీ ఎక్స్‌రేలో పాత మచ్చ కనిపించింది. ఆయనకి నా చిన్నప్పుడు టీబీ వచ్చి, పూర్తి కోర్సు వాడి తగ్గింది, మాకెవరికీ అది గుర్తే లేదు. మచ్చ కనిపిస్తే వ్యాధి ఇప్పుడు లేదని తేల్చాలి. మూడు రోజులు వరసగా పొద్దున్నే కఫం శాంపిల్ ఇవ్వాలి, దాన్ని కల్చర్‌కి పెడతారు, ఆ ఫలితానికి ఎనిమిది వారాల దాకా పడుతుంది. నాన్న చెల్లి ఇంట్లో ఉండి చీకటితోనే లేచి వెళ్ళేవారు. ఆ వారాల్లో ఆయన ఫోన్లో సరిగా మాట్లాడలేదు. ఒకరోజు మాత్రం, "నా వల్ల మీ అమ్మది కూడా ఆగిపోతుందేమోనమ్మా" అన్నారు. ముప్పయ్యేళ్ళు పిల్లలకి పాఠం చెప్పిన మనిషి అలా చిన్నబోయి మాట్లాడితే తట్టుకోలేకపోయాను. కల్చర్ నెగెటివ్ వచ్చింది. ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా టీబీ వచ్చి ఉంటే ఆ చికిత్స కాగితాలు, పాత ఎక్స్‌రేలు దొరికితే పట్టుకెళ్ళండి, పోల్చి చూసుకోవడానికి డాక్టరుకి ఉపయోగపడతాయి.

ఆ తర్వాత ఎదురుచూపే. ఈ మధ్యలో సూపర్ వీసా (అమ్మానాన్నలు, తాతయ్య నానమ్మలు ఎక్కువకాలం ఉండటానికిచ్చే విజిటర్ వీసా) మీద తెచ్చుకోండి అని అందరూ అంటారు, నిజమే, అది మంచి దారి. 2022 జూలై నుంచి ఒక్కసారి వస్తే ఐదేళ్ళ దాకా ఉండొచ్చు, ఆదాయం లెక్కలో 30 శాతం అదనం లేదు, లాటరీ లేదు. కానీ కనీసం లక్ష డాలర్ల మెడికల్ ఇన్సూరెన్స్ కొనాలి, వయసు పెరిగేకొద్దీ, షుగరు లాంటివి ఉంటే ఆ ప్రీమియం బాగా బరువవుతుంది, ముందునుంచీ ఉన్న జబ్బులకి కవరేజీ దగ్గర షరతులుంటాయి. పాలసీలో ఆ భాగం చదవకుండా కొనొద్దు. మా అత్తయ్యగారు, మామయ్యగారు ఇప్పుడు ఆ వీసా మీదే వస్తున్నారు.

ఈ వెయిటింగ్‌లోనే అసలు మాట ఒకటి మాట్లాడుకున్నాం. అమ్మ అడిగింది, "నేనొస్తే చెల్లికి పురుడొస్తే ఎవరు చూస్తారే?" అని. నాన్న అయితే, "అక్కడ నాకు రోజంతా ఏం పనమ్మా?" అన్నారు. ఫారాలు, ఫీజులు, డ్రాలు అని ఇన్నేళ్ళు పరిగెత్తాం గానీ, వాళ్ళని తీరిగ్గా కూర్చోబెట్టి అడగాల్సిన ప్రశ్నలివే. చెల్లి, నేను, వాళ్ళిద్దరూ కలిసి మాట్లాడుకుని ఒక ఒప్పందానికొచ్చాం: ఇల్లు అమ్మేది లేదు, పొలం అమ్మేది లేదు, వేసవి ఇక్కడ, చలికాలంలో కొంత అక్కడ. ఆ మాట ఇచ్చాకే అమ్మ మనస్ఫూర్తిగా సరే అంది.

పాస్‌పోర్టులు అడిగారు, వీసాలు పడ్డాయి, ఇద్దరూ టొరంటోలో దిగారు. ఎయిర్‌పోర్టులో ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ నాన్నని ఒకటి రెండు ప్రశ్నలు అడిగి, సంతకాలు పెట్టించుకుని, వెల్‌కమ్ అన్నారట. ఆ తర్వాత సిన్ (సోషల్ ఇన్సూరెన్స్) నంబరు, హెల్త్ కార్డు. ఒంటారియోలో హెల్త్ కార్డుకి ఇంతకుముందు మూడు నెలలు ఆగాల్సి వచ్చేది, 2020 మార్చిలో అది తీసేశారు, అందుకని దిగగానే అప్లై చేశాం. 65 దాటినవాళ్ళకి ఒంటారియో డ్రగ్ బెనిఫిట్ కింద చాలా మందులు వస్తాయి, ఏడాదికి కొంత మొత్తం, ఒక్కో ప్రిస్క్రిప్షన్‌కి కొంచెం కట్టాలి, అంతే. అమ్మ షుగరు మాత్రలు అందులోనే వస్తున్నాయి. ఓల్డ్ ఏజ్ పెన్షన్ మాత్రం వెంటనే రాదు, పద్ధెనిమిదేళ్ళు నిండాక కనీసం పదేళ్ళు కెనడాలో ఉన్నవాళ్ళకే.

ఇండియా వైపు తెంచుకోవాల్సినవి ఏమీ లేవు, పౌరసత్వం అలాగే ఉంటుంది, నాన్న పెన్షన్ ఆగలేదు, కాకపోతే ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇక్కడ స్థిరపడ్డాక అక్కడి మామూలు సేవింగ్స్ అకౌంట్లు ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండేవాళ్ళ అకౌంటుగా) మార్చుకోవాలి, బ్యాంకుకి చెప్పకుండా ఊరుకోకూడదు. కెనడాలో రెసిడెంటు అయ్యాక ఇండియా పెన్షన్, కౌలు డబ్బు కూడా ఇక్కడి రిటర్న్‌లో చూపించాలి, రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంది కాబట్టి ఒకే ఆదాయానికి రెండుసార్లు కట్టే పరిస్థితి సాధారణంగా రాదు. సొంతంగా వాడుకునే ఇల్లు కాకుండా బయట ఆస్తుల విలువ లక్ష డాలర్లు దాటితే రెండో ఏడాది నుంచి టీ1135 ఫారం కూడా ఉంటుంది. ఈ భాగం మాత్రం రెండు దేశాల పన్నులూ తెలిసిన అకౌంటెంట్‌కి అప్పగించాం.

పీఆర్ నిలబడాలంటే ఐదేళ్ళలో కనీసం 730 రోజులు కెనడాలో ఉండాలి. ఆ రోజులు వరసగా ఉండక్కర్లేదు, అందుకే వేసవి ఇక్కడ, చలికాలం అక్కడ అన్న మా ఒప్పందం కుదిరింది. నాన్న దానికో పుస్తకం పెట్టారు. స్కూల్లో అటెండెన్స్ రిజిస్టర్ గీసినట్టే స్కేలుతో గీతలు కొట్టి, వచ్చిన తేదీ, వెళ్ళిన తేదీ, మొత్తం రోజులు అని గళ్ళు వేసుకున్నారు, బోర్డింగ్ పాసులు వెనక పేజీల్లో అంటిస్తున్నారు. వచ్చే నెల చెల్లి పురిటికి ఇద్దరూ హైదరాబాద్ వెళ్తున్నారు, సంక్రాంతి కౌలు లెక్కలు చూసుకుని, ఉగాది దాటాక తిరిగొస్తారు. ఆ మధ్య నెలల్లో అత్తయ్యగారు, మామయ్యగారు మా దగ్గరుంటారు.